ఎర్రదాని కాళ్ళు కడిగిన రోజులు

మొన్న ఒక పెళ్ళికని బెజవాడ నుంచి ఏలూరు టాక్సీలో వెళ్ళాను. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డుకి అడ్డంగా గేదెలు వచ్చాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది కానీ, ఆగే ముందు చలిజ్వరం వచ్చిన మనిషిలా కింద నుంచి పైదాకా గడగడ వణికింది. పక్కన కూర్చున్న మా ఆవిడ తలుపు పట్టుకుని "ఏమయిందండీ" అంది. "ఏం లేదమ్మా, డ్రమ్ము పోయింది, మార్పించెయ్యాలి" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండానే. ఎందుకు పోయిందని అడిగాను. అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. ఎందుకు పోతే ఏమిటి, పోయింది కదా అన్నట్టుంది ఆ చూపు. "అవి పోతాయండి" అన్నాడు చివరికి, పెద్దవాడు అడిగితే జవాబివ్వకపోవడం బాగుండదని.

ఆ వణుకు నాకు పాత పరిచయం. పంతొమ్మిదివందల ముప్పైల నడుమ నేను ఏలూరులో మా అక్కయ్యగారింట్లో ఉండేవాణ్ణి. బి.ఏ. ఒకసారి తప్పాను, రెండోసారి కట్టడానికి మనసు రాలేదు. ఇరవై మూడేళ్ళ మనిషిని ఊరికే కూర్చోబెట్టి అన్నం పెట్టడం వాళ్ళకి బరువు కాకపోయినా, తినడం నాకు బరువుగా ఉండేది. అందుకని మద్రాసులో ఒక దినపత్రికకి ఏలూరు వార్తలు రాసి పంపుతుండేవాణ్ణి. ఫలానా చోట కాలవకి గండి పడింది, మునిసిపాలిటీ మీటింగులో ఇద్దరు సభ్యులు కుర్చీలెత్తారు, కొల్లేరు పొంగి లంకల దారులు మూసుకుపోయాయి, ఇలాంటివి. పది పంపితే రెండు అచ్చయ్యేవి. కళ్ళూ చెవులూ తెరుచుకుని తిరగడం నా వృత్తి అని ఇంట్లో అందరితోనూ చెప్పుకునేవాణ్ణి. ఎవరూ కాదనేవారు కాదు. అవునని కూడా అనేవారు కాదు.

మా బావగారికి తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఉండేది. ఇల్లు ఏలూరులో, మిల్లు గూడెంలో. మధ్యన హాయిగా రైలు ఉంది. వాళ్ళ నాన్నగారు ఉన్నన్నాళ్ళూ పొద్దుటి పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో వచ్చేవారు. ఆయన పోయిన ఏడాది తిరగ్గానే బావగారు మద్రాసు వెళ్ళి, ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన ఒక పందెపు కారు కొనుక్కొచ్చారు. రెండే సీట్లు. పైన కప్పు లేదు. ముందు భాగం ఎంత పొడుగంటే, కారు సందు మలుపు తిరిగాక కాసేపటికి గానీ బావగారు తిరిగేవారు కాదు. ముందు మూత ఎగిరిపోకుండా దానికి నడుం చుట్టూ తోలు పట్టా. రంగు నిప్పులాంటి ఎరుపు. సీట్ల వెనక సామాను పెట్టుకునే గుంట ఒకటి ఉండేది. మూడో మనిషి ఉంటే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అందులో కూర్చోవాలి. గూడెం వెళ్ళిన చాలా రోజుల్లో నేను పక్క సీట్లోనే కూర్చున్నాను. బావగారికి తన వేగాన్ని చూసేవాడొకడు కావాలి, నాకు వార్తలు కావాలి.

ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ బావగారి నాయనమ్మ. మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి పంచె, బోడి తల, గట్టి పళ్ళు. ఎడం చెవి పూర్తిగానూ కుడి చెవి సగమూ వినపడేవి కావు, అందుచేత ఆవిడ రహస్యాలు పెరటి అవతల దాకా వినిపించేవి. తెల్లవారుజామున మడి కట్టుకుని వంటింట్లో చొరబడితే పది గంటలకి బయటికొచ్చేది. అప్పటికి ఇల్లంతా ఆవపెట్టిన కూర వాసన, ఇంగువ వాసన. ఆ తర్వాత ముందు వసారాలో స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుంటే సాయంత్రం దీపాలు పెట్టేదాకా అక్కడే. ఇంటి వ్యవహారమంతా అక్కణ్ణుంచే నడిచేది. ఆవిడ నియమాలు అనేకం, నాకు రెండు బాగా గుర్తు. పొయ్యి మీంచి దించిన వేడి పెనం మీద నీళ్ళు పొయ్యకూడదు. సుయ్ మని చప్పుడవుతుంది, ఆ చప్పుడు ఇంటికి మంచిది కాదు. మా అక్కయ్య కాపరానికి వచ్చిన కొత్తలో తెలియక పోసిందట. మామ్మగారు ఆ పూట అన్నం ముట్టకుండా లేచి వెళ్ళిందట. అప్పటికింకా ఆవిడ చెవులు బాగానే ఉండేవి. రెండోది, ప్రయాణం చేసి గుమ్మంలోకి వచ్చిన ప్రాణికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వాలి. మనిషైనా సరే, ఎద్దులైనా సరే. పొలం నుంచి బండి వస్తే ఎద్దుల కాళ్ళు కడిగేవారు. వేసవిలో అయితే చెక్కలు ఎండి ఇనప పట్టాలు జారకుండా బండి చక్రాల మీద కూడా నాలుగు బిందెలు పోసేవారు.

కారు ఇంటికొచ్చిన రోజున మామ్మగారు దానికి పసుపూ కుంకుమా పెట్టించి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఎర్రది బాగుంది" అంది. కొత్త ఆవుని గురించి అన్నట్టే. ఆ తర్వాత ఇంట్లో అందరికీ అది ఎర్రదే అయిపోయింది. మామ్మగారు మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. తోలు సీటు. మడి మనిషి తోలు మీద ఎలా కూర్చుంటుంది?

మొదటిసారి అది వణికింది భీమడోలు రైలు గేటు దగ్గర. బావగారు దూరం నుంచే గేటు పడ్డం చూసి కూడా, పడేలోగా దాటేద్దామని వచ్చి, దాటలేనని తెలిసి బ్రేకు తొక్కారు. స్టీరింగు ఆయన చేతుల్లో జల్లెడ పట్టినట్టు ఊగింది. నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. గేటు కాపలావాడు పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చి, "దీనికి ఒంట్లో బాలేదాండి" అని అడిగాడు. మెల్లగా ఆపితే ఏమీ లేదు. జోరు మీద ఆపితేనే ఆ వణుకు.

ఏలూరులో కార్లు ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారుకి జబ్బు చేస్తే బెజవాడో మద్రాసో పంపేవారు. ఊళ్ళో కాలవ వంతెన దిగిన చోట మస్తాను అనే ఆయన కొత్తగా షెడ్డు వేశాడు. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. తాతల నాటి నుంచీ జట్కా చక్రాలు కట్టే ఇల్లు. ఈయన మాత్రం గూడెంలో మిల్లు ఇంజన్ల దగ్గర పదిహేనేళ్ళు ఫిట్టరుగా చేసి, మోటార్లు నేర్చుకుని వచ్చి, "ఇచ్చట మోటారుకార్లు బాగుచేయబడును" అని తన చేత్తోనే బోర్డు రాసుకున్నాడు. జట్కా చక్రాలు కట్టే చేతికి ఎవరూ కారు ఇవ్వరు. మొదట ఇచ్చినది మా బావగారే. ఎర్రది ఆ షెడ్డులోకి వెళ్ళిన రోజున వంతెన మీద జనం ఆగి చూశారు. అది బాగుపడితే ఊళ్ళో మిగిలిన కార్లు కూడా వస్తాయి, పడకపోతే ఇంక ఒక్కటీ రాదు. ఈ సంగతి మస్తానుకి తెలుసు, ఎదురుగా గోలీసోడా కొట్టు పెట్టుకున్న కామయ్యకి ఇంకా బాగా తెలుసు. కామయ్య కొట్టు బల్ల మీద ఎప్పుడూ నలుగురు ఉండేవారు, పని లేని నలుగురు.

"సాయిబుగారూ, గుర్రానికి నాడాలు కొట్టారాండి?" అనేవాడు కామయ్య.

"ఇంకా లేదండి. ముందు పళ్ళు చూస్తున్నానండి, వయసు తెలియాలి కదండి" అనేవాడు మస్తాను, కారు కింద నుంచే.

ఆయన పని చేసే తీరు చూడ్డానికి నేను సైకిలు మీద వెళ్ళి ఆ షెడ్డులో గంటలు కూర్చునేవాణ్ణి. ఏ పనీ తొందరపడి చేసేవాడు కాదు. ముందు చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ మీటి చూశాడు. తర్వాత ఇరుసుని స్ప్రింగు పట్టీలకి బిగించిన బోల్టులు. తర్వాత బ్రేకుకి లాగే తీగెలు నాలుగూ ఒకటే బిగువులో ఉన్నాయా అని. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు చక్రాలు ఊడదీశాడు. చక్రం లోపల లోతైన ఇనప మూకుడు లాంటిది ఒకటి ఉంటుంది, చక్రంతో పాటు అదీ తిరుగుతుంది. అదే డ్రమ్ము. దాని లోపల తిరక్కుండా చంద్రవంకల్లాంటి బద్దలు రెండు. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని మూకుడు గోడకి రాసుకుంటాయి, చక్రం ఆగుతుంది. మూకుడు గుండ్రంగా ఉన్నంతసేపూ మెత్తగా ఆగుతుంది, గుండ్రం తప్పితే చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చోట పట్టీ ఒక చోట వదిలీ వణికిస్తుంది. ఇదంతా నాకు మస్తాను చెప్పిన చదువే.

ఎంత గుండ్రం తప్పిందో చూడ్డానికి ఆయన దగ్గర కొలత సామాను లేదు. తాటాకులు ఉన్నాయి. లేతాకు, ముదురాకు, గీకి పల్చన చేసిన ఆకు, ఇలా రకరకాల మందాల్లో పేళ్ళు కోసి దారానికి గుచ్చి గోడకి వేలాడేసుకున్నాడు. చంద్రవంకకీ మూకుడుకీ మధ్య సందులో ఒక పేడు పెట్టి మెల్లగా తిప్పేవాడు. ఆకు ఒక చోట జారేది, ఇంకో చోట బిగిసేది. బిగిసిన చోట సుద్దముక్కతో గీత. మూడు చక్రాల్లో ఆకు హాయిగా తిరిగింది. ముందువైపు కుడి చక్రంలో మాత్రం రెండు చోట్ల పట్టేసింది.

"గుడ్డు వాటం వచ్చిందండి" అన్నాడు. "వెంట్రుక వాసే. కానీ అంత జోరు మీద వెంట్రుక కూడా దుంగే కదండి."

డ్రమ్ము తీసుకెళ్ళి గూడెంలో మా మిల్లు లేతు మిషను మీద ఒక పొర చెక్కి గుండ్రం చేసి తెచ్చాడు. కారు పట్టులా ఆగింది. బావగారు ఆ సాయంత్రం కామయ్య కొట్టు ముందు అవసరం లేకపోయినా మూడుసార్లు ఆపి చూపించారు. మస్తాను ఆయనకి ఒక జాగ్రత్త చెప్పాడు. కాగి ఉన్నప్పుడు చేతిబ్రేకు వేసి వదిలెయ్యకండి, పట్టిన చోట పట్టినట్టే చల్లారి వంకర పోతుంది, చక్రం కింద ఇటిక పెట్టుకోండి, అని. ఇంటికి రాగానే బావగారు ఇటిక పెట్టడం మొదలెట్టారు.

రెండు వారాలకి మళ్ళీ వణికింది. ఈసారి కొల్లేటి గట్టు మీద. అక్కడ బావగారికి రెండో పంట పండే దాళవా పొలం ఉండేది. గట్టు ఎంత వెడల్పో కారు అంత వెడల్పు. ఒక పక్క నీళ్ళూ తుంగా, రెండో పక్క బురదమడి. ఎదురుగా చేపల బుట్టలతో మనుషులు వస్తుంటే బావగారు బ్రేకు తొక్కారు. ఎర్రది గడగడలాడుతూ పక్కకి లాగి, ముందు చక్రం తుంగలోకి దిగి నిలిచింది. నీటిమీద నుంచి పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. బుట్టలు దింపి వాళ్ళే కారుని పైకి లాగారు. ఒక ముసలాయన బావగారి మొహంలోకి చూసి, "తవరు పడవ కొనుక్కోవాల్సిందండి" అన్నాడు ఎంతో మర్యాదగా.

మస్తాను మళ్ళీ విప్పాడు. మళ్ళీ అదే చక్రం, అదే వాటం. "చేతిబ్రేకు వేశారేమోనండి" అని అడిగాడు. ఇటిక పెడుతున్నానన్నారు బావగారు. "పోనీ, నడిపేటప్పుడు కాలు బ్రేకు మీద ఆనుతోందేమోనండి." ఈ మాట బావగారికి నచ్చలేదు. రెండోసారి చెక్కించారు. ఆ డ్రమ్ము ఇప్పుడు పల్చబడింది. మూడోసారి చెక్కితే అదే ఆఖరు, తర్వాత ఇంగ్లండు నుంచి కొత్తది రావాలి. "ఈసారి కూడా వణికితే నిన్ను అడగను మస్తానూ. రైలెక్కించి మద్రాసు పంపిస్తాను" అన్నారు బావగారు. కోపంగా అనలేదు. ఆ ఇంట్లో ఎవరికీ గొంతు పెంచడం అలవాటు లేదు. మెత్తగా అన్నందువల్లే ఆ మాట తిరిగేది కాదని మస్తానుకి అర్థమైంది. కామయ్య కొట్టు దగ్గర ఆ కబురు అరగంటలో చేరింది. "జట్కా సాయిబు కారు కడితే జట్కాలాగే ఊగుద్ది మరి" అన్నారెవరో. ఆ మాట విని మస్తాను సామాను సర్దుకుని పొద్దుండగానే షెడ్డు మూసేశాడు. నాకు గుర్తున్నంతవరకూ అదొక్కసారే.

మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చి బావగారిని ఒకటి అడిగాడు. "ఒక్క రోజు నన్ను కూడా ఎక్కించుకోండి. ఇంటి దగ్గర బయల్దేరిన దగ్గర్నుంచి మళ్ళీ ఇంటికొచ్చేదాకా చూస్తానండి. దానికి జబ్బు ఎక్కడ అంటుకుంటోందో తెలియాలి కదండి." బావగారు ఒప్పుకున్నారు. పక్క సీట్లో మస్తాను, గుంటలో నేను. దారిలో ఎక్కడ ఆగినా ఆయన దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి వేడి చూసేవాడు. భీమడోలు గేటు దగ్గర చూశాడు. మిల్లులో చూశాడు. తిరుగు దారిలో కావాలని నాలుగుసార్లు జోరు మీద ఆపించాడు. నాలుగు చక్రాలూ ఒక్కలాగే కాగాయి, కారు ఒక్కసారి కూడా వణకలేదు. సాయంత్రం ఎండ వాలుతుండగా మా వాకిట్లోకి వచ్చి ఎడం పక్క గోడని ఆనుకుని ఆగింది. రోజూ ఆగే చోటే. బావగారు ఇటిక పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు.

అప్పుడు మా పాలేరు గంగులు నీళ్ళ బిందెతో వచ్చాడు. రోజూ వచ్చినట్టే వచ్చి, ముందు కుడి చక్రం మీద కుమ్మరించాడు.

సుయ్ మంది. పలచటి ఆవిరి లేచింది. ఎండిన ఇనుము మీద వాన పడ్డట్టు ఒక వాసన.

మస్తాను వంగి ఆ ఆవిరి వంక చూశాడు. గంగులు రెండో బిందెకి వెళుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "రోజూ పోస్తావా?"

"రోజూనండి. పెద్దమ్మగారి ఆర్డరండి. పెయాణం సేసొచ్చిందానికి కాళ్ళు కడగాలి కదండి."

"నాలుగు కాళ్ళకీనా?"

గంగులు నసిగాడు. "గోడేపు సెయ్యి పట్టదండి. యెనకాల దానికి ఏదో కాత్త సిలకరిత్తానండి. ఇదొక్కటే కదండి, అరుగు మీంచి పెద్దమ్మగారికి అవుపించేది."

నేను ఆ వాకిట్లో ఎన్ని నెలలుగానో ఆ చప్పుడు వింటున్నాను. ఆ ఇంట్లో వేడి ఇనుము మీద నీళ్ళ గురించి ఎంత పట్టింపో తెలుసు. ఆ చక్రం గురించే షెడ్డులో కూర్చుని గంటలు గడిపాను. అయినా ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోలేదు. తర్వాత నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేశాను. కుర్రవాళ్ళు ఎవరైనా కళ్ళారా చూశానండీ అంటే నాకు ఆ బిందె గుర్తొస్తుంది.

"పదండి, బావగారికి చెబుదాం" అన్నాను.

"వద్దండి" అన్నాడు మస్తాను వెంటనే. "చెబితే ఆయన వెళ్ళి వాళ్ళ మామ్మగారిని అంటారండి. నా మూలంగా ఆ పెద్దావిడ మనవడి చేత మాట పడ్డం ఎందుకండి?"

"మరి కారు మద్రాసు వెళ్ళిపోతుంది కదా. తర్వాత మీ షెడ్డుకి ఎవరొస్తారు?"

 ఆయన భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తిన్నగా వసారా మెట్ల దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మెట్టు ఎక్కలేదు. ఆ రోజుల్లో ఆయన మెట్టు ఎక్కేవాడు కాదు, మేమూ ఎక్కమనేవాళ్ళం కాదు. మజ్జిగిస్తే ఆయనకని గోడ గూట్లో విడిగా ఉంచిన గ్లాసులోనే ఇచ్చేవాళ్ళం. అది నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

"ఏం సాయిబూ, నిన్ను కూడా ఎక్కించుకు తిప్పాడట మా వాడు. వణికిందా?" అంది మామ్మగారు.

"లేదండి. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా లేదండి."

"మరింకేం?"

"ఒక్క సంగతి మిమ్మల్నే అడగాలండి, అమ్మగారూ. పెనం పొయ్యి మీంచి దించగానే నీళ్ళు పోస్తే ఏమవుతుందండి?"

మామ్మగారి మొహం మారింది. "ఎవరు పోశారు? మనవడి పెళ్ళామా?"

"వంటింట్లో కాదండి. ఊరికే అడుగుతున్నానండి."

"చెవుడు నా చెవులకే సాయిబూ, బుర్రకి కాదు. ఊరికే అడగడానికి నువ్వు మెట్ల దాకా రావు. చెప్పు."

మస్తాను చెప్పాడు. ఆవిడకి వినపడాలి కనుక గట్టిగా చెప్పాలి, లోపల ఉన్న బావగారికి వినపడకూడదు కనుక మెల్లగా చెప్పాలి. రెంటికీ మధ్యన ఎలాగో చెప్పాడు. చక్రంలో ఇనప మూకుడు ఉంటుందండి, దారి పొడుగునా రాసుకుని గూడెం నుంచి వచ్చేసరికి పెనంలా కాగుతుందండి, ఒక పక్కన చల్లటి నీళ్ళు పడితే ఆ పక్క ముడుచుకుని గుండ్రం పోతుందండి. తప్పు ఎవరిదీ కాదండి, నేనే ముందు అడిగి తెలుసుకోవలసిందండి.

మామ్మగారు ఆ మూకుడు సంగతి పట్టించుకోలేదు. "అంటే, ఇన్నాళ్ళూ దీపాల వేళ నా వాకిట్లో సుయ్ మంటోందా?" అంది.

 ఆవిడ నా వైపు తిరిగింది. "అబ్బాయీ, నువ్వు రోజూ ఇక్కడే తచ్చాడతావుగా. విన్నావా?"

"విన్నానండి, మామ్మగారూ."

"విని?"



ఆవిడ లోపలికి కేకేసింది. బావగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఎర్రదాన్ని మద్రాసు పంపేది లేదు. దాన్ని చెడగొట్టింది నేను. రెండుసార్లు బాగుచేసి ఇస్తే రెండుసార్లూ నీళ్ళు పోయించి చెడగొట్టాను. మూడోసారి చేసిపెట్టమని సాయిబుని నువ్వు అడుగు" అంది. బావగారు మామ్మగారినీ, మస్తానునీ, చక్రం మీంచి ఇంకా కారుతున్న నీళ్ళనీ మార్చి మార్చి చూశారు. తర్వాత మెట్లు దిగి వచ్చి, "మస్తానూ, ఆ కాలు ఆన్చడం గురించి నువ్వన్నదానికి నేను..." అని మధ్యలో ఆపేశారు. "ఆన్చరండి. ఇవాళంతా చూశాను కదండి" అన్నాడు మస్తాను.

మర్నాడు విప్పి చూస్తే, ఆ సాయంత్రం పడ్డ బిందెకి ఆకు మళ్ళీ అక్కడే పట్టేసింది. మూడోసారి చెక్కేటప్పుడు లేతు దగ్గర మిల్లు ఫిట్టర్ని లేపి తనే కూర్చున్నాడు. నేను పక్కన ఉన్నాను. ఉల్లిపొరలాగా ఇనుము చుట్టలు చుట్టలుగా రాలింది. ఒక్కో చుట్టుకీ మిషను ఆపించి తాటాకు పెట్టి చూసేవాడు. ఆకు చుట్టూ ఒకే బిగువులో తిరిగాక, "ఇంక దీనికి నాలుగో చెక్కుడు లేదండి" అని చేతులు దులుపుకున్నాడు. ఇంట్లో కాళ్ళు కడగడం మానలేదు. మామ్మగారు రెండు మాలలు జపం పూర్తిచేసి తలూపాక, గంగులు చెయ్యి తిరగేసి డ్రమ్ము తాకి చూసి, చల్లారిందంటే అప్పుడు కడిగేవాడు. నాలుగు చక్రాలూ. గోడవైపు చెయ్యి పట్టడానికి బావగారు కారుని ఒక గజం ఇవతల ఆపడం నేర్చుకున్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ ఊరికి ఇదంతా తెలియదు. ఊరు చూసింది ఒక్కటే, ఎర్రది మూడోసారి మస్తాను చేతికి వెళ్ళడం. వంతెన దాటి ఆ షెడ్డుకే తన కారు పంపుదామనుకున్న ప్లీడరుగారు ఒకాయన బెజవాడ పంపేశారు. ఇంకొకరు పంపుతానని మాటిచ్చి కనపడ్డం మానేశారు. గంగులు బజారు నుంచి వచ్చి, కామయ్య కొట్టు దగ్గర ఏమంటున్నారో వసారా ముందు నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాడు. చెవిటి మనిషికి చెప్పడం కాబట్టి వీధి మొత్తానికీ చెప్పాడు.

అప్పటికీ ఇప్పటికీ నాకు కనిపించే తేడా బండ్లలోనూ రోడ్లలోనూ లేదు. అవి మారక తప్పదు, మారడమే మంచిది. ఆ టాక్సీ డ్రైవరు చెడ్డవాడు కాదు. వస్తువు చెడిపోతే కొత్తది దొరికే రోజుల్లో ఎందుకు చెడిందని అడగడానికి అతనికి తీరికా లేదు, అవసరమూ లేదు. అప్పుడు కొత్తది ఓడెక్కి రావాలి కనుక ఎందుకని అడగక తప్పేది కాదు. అడుగుతూ పోతే ఎక్కడో ఒక చోట మనిషి దగ్గర తేలేది. ఆ మనిషిని ఏం చెయ్యాలన్నదే అసలు చిక్కు. నేను పత్రికల్లో ఉండగా తప్పు చేసినవాళ్ళ పేర్లు చాలా అచ్చు వేశాం. సవరణలు కూడా వేశాం, లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో.

గంగులు చెప్పినదంతా విని మామ్మగారు మనవణ్ణి పిలిచింది. "రేపు సాయంత్రం నన్ను ఎర్రదాన్లో వంతెన దాకా తీసుకెళ్ళు."

బావగారు నవ్వబోయి ఆగారు. "తోలు సీటు మామ్మా."

"చాప వెయ్యి."

మర్నాడు నాలుగింటికి సీటు మీద కొల్లేటి తుంగచాప మడతపెట్టి వేశారు. మా అక్కయ్య ఒక పక్కా గంగులు ఒక పక్కా పట్టుకుంటే ఆవిడ ఎక్కి కూర్చుంది. గుడికి తప్ప గడప దాటని మనిషి. నేను సైకిలు మీద ముందే వెళ్ళి షెడ్డు దగ్గర నిలబడ్డాను. మస్తానుకి ఏమీ చెప్పలేదు. ఆయన ఒక పాత లారీ స్ప్రింగుకి గ్రీజు పెడుతున్నాడు. ఎదురుగా బల్ల మీద యథాప్రకారం నలుగురు.

వంతెన మీద ఎరుపు కనిపించింది. బావగారు అంత జోరుగా వంతెన దిగడం నేను అదివరకు చూడలేదు. పక్కన తెల్లటి ముసుగు ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని మామ్మగారు. భయపడుతున్నది బావగారే. సరిగ్గా సోడా కొట్టు ముందుకి రాగానే ఆవిడ ఒక చెయ్యి పైకెత్తింది. ఆయన బ్రేకు తొక్కారు. అరుగు మీద చెంబు పెట్టినట్టు ఆగింది కారు. వెనక వస్తున్న దుమ్ము మాత్రం ఆగలేక ముందుకి వెళ్ళిపోయింది.

బల్ల మీద నలుగురూ లేచి నిలబడ్డారు. కామయ్య తలగుడ్డ తీసేశాడు.

మామ్మగారు షెడ్డు బోర్డు వైపు చూసింది. తర్వాత కామయ్య వైపు చూసి, చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో, అంటే వంతెన అవతలికి కూడా వినపడేలా అంది: "ఏమయ్యా, ఈ చక్రం ముమ్మారు పాడయిందని నవ్వుతున్నారట. పాడుచేసింది నేను. వేడి మీద నీళ్ళు పోయించాను. బాగుచేసింది ఈయన."

అంతవరకూ మస్తానుని ఆవిడ సాయిబూ, నువ్వు అని తప్ప పిలవగా నేను వినలేదు. బావగారు కూడా వినలేదనుకుంటాను, స్టీరింగు వదిలి ఆవిడ వంక తిరిగి చూశారు. మస్తాను గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

కామయ్య గబగబా ఒక గోలీసోడా కొట్టి తెచ్చాడు. కారు దాకా వచ్చాక, మడి మనిషి బయట ఏమీ పుచ్చుకోదని గుర్తొచ్చి, పొంగుతున్న సీసాతో రోడ్డు మధ్యన ఆగిపోయాడు.

"అటివ్వు" అంది మామ్మగారు.

కామయ్య రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్ళాడు. "తీసుకోండి, మస్తానుగారూ" అన్నాడు. మస్తాను చేతులు తువ్వాలుకి శుభ్రంగా తుడుచుకుని, సీసా అందుకుని, అందరూ చూస్తుండగా నిలబడి తాపీగా చివరి చుక్కదాకా తాగాడు.